పింఛను ఇంటికొస్తుంది, కార్డు రాదు



ఒకటో తేదీ పొద్దున బద్వేలు వీధుల్లో సచివాలయం ఉద్యోగులు పెన్షన్ డబ్బులు పట్టుకుని తిరుగుతుంటారు. అరవై దాటిన అర్హులకు 4,000 రూపాయలు. 2024 జూలై నుంచి ఇదే లెక్క. అవ్వ మంచం దిగలేకపోతే మంచం దగ్గరికే వచ్చి, వేలిముద్ర వేయించుకుని, నోట్లు చేతిలో పెట్టి పోతారు. అదే అవ్వకు రేపు గుండెలో నొప్పి వచ్చి కడపకు తీసుకుపోతే, ఆసుపత్రి కౌంటర్లో మొట్టమొదట అడిగేది "కార్డుందా మా?" అని. ఆ కార్డును మటుకు ఎవరూ మంచం దగ్గరికి తెచ్చివ్వరు. ఉందో లేదో, ఉంటే అందులో అవ్వ పేరుందో లేదో, పేరుంటే ఆధార్‌తో కలుస్తుందో లేదో ముందే చూసిపెట్టుకోవాల్సింది ఇంట్లోవాళ్లే. ఈరోజు మాట్లాడబోయేది ఆ సంగతే.

ముందు వయసు సంగతి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి ఇప్పుడు 62 ఏళ్లకు రిటైర్మెంటు. 2014లో 58ని 60 చేశారు, 2022 జనవరి నుంచి 62 చేశారు. 1983లో ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రి అయిన కొత్తల్లో ఒక్క కలం పోటుతో 55కు దించి, బోలెడుమందిని రాత్రికి రాత్రి ఇంటికి పంపిన సంగతి మన పాత ఉపాధ్యాయులు ఇప్పటికీ కోపంగానే చెబుతారు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు ఎక్కువ చోట్ల 58 లేదా 60. వృద్ధాప్య పింఛనుకు 60. కేంద్రం పెట్టిన కొత్త ఆరోగ్య కార్డుకు 70. ఇక శెనక్కాయ పెరకను పోయే కూలి మనిషికి, గొర్రెలు తోలుకునే పెద్దాయనకు ఏ వయసూ లేదు. ఒళ్లు సహకరించినన్నాళ్లు పనే. వాళ్లకు సన్మానమూ లేదు, శాలువా లేదు, "ఇకమీదట మీ వైద్యం సంగతి ఇదీ" అని కాగితం చేతిలో పెట్టే ఆఫీసూ లేదు. కార్డు గురించి ఆలోచించాల్సిన రోజు ఇదేనని వాళ్లకు చెప్పేవాళ్లుండరు. చిక్కంతా అక్కడే ఉంది.

ఉద్యోగం చేసి దిగినవాళ్ల సంగతి ముందు చూద్దాం, అది కాస్త సులభం. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకూ పింఛనుదారులకూ 2013లో ఎంప్లాయీస్ హెల్త్ స్కీమ్ వచ్చింది. ఈహెచ్ఎస్ అంటారు. నెలనెలా కొంత పట్టుకుంటారు, ప్రభుత్వం తన వంతు కలుపుతుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఉన్న కార్డు రిటైరైన నాటి నుంచి పింఛనుదారు కార్డుగా మారాలి. పింఛను పత్రాల కోసం ఏజీ ఆఫీసు చుట్టూ, ట్రెజరీ చుట్టూ తిరిగే హడావుడిలో ఈ పని చాలామంది మరిచిపోతారు. గ్రాట్యుటీ ఎప్పుడు పడుతుందని రోజూ ఫోన్ చూసుకునే మాస్టారుకు, తన హెల్త్ కార్డులో ఇంకా పాత మండలం, పాత బడి ఉన్నాయన్న ధ్యాస ఉండదు. ఆయన మీద ఆధారపడిన అమ్మానాన్నలు బతికుంటే వాళ్ల పేర్లు కూడా ఆ కార్డులో ఉండొచ్చు. ఇదీ చాలామందికి తెలియదు.

ఇక కార్మికుల ఆరోగ్య బీమా, ఈఎస్ఐ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. ఎందుకంటే ఈ విషయం దాదాపు ఎవరూ చెప్పరు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, మన గోపవరం దగ్గర ప్లైవుడ్ బోర్డుల ఫ్యాక్టరీ వచ్చింది, మిల్లుల్లో, పెద్ద దుకాణాల్లో పనిచేసేవాళ్లున్నారు. నెల జీతం 21,000 లోపు ఉంటే జీతంలో ఈఎస్ఐ పట్టుకుంటారు. పని మానేస్తే ఈఎస్ఐ కూడా పోయిందనే అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. కనీసం ఐదేళ్లు ఈఎస్ఐ కింద పనిచేసి, రిటైర్మెంటు వయసుకు దిగిపోయినవాళ్లు, ఏడాదికి 120 రూపాయలు కడితే తమకూ, భార్యకో భర్తకో ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. ఏడాదికి నూట ఇరవై! నెలకు పది రూపాయలు. టీ కూడా రాదు ఆ డబ్బుకు. కాకపోతే ఇది అడిగినవాళ్లకే దక్కుతుంది. పనిచేసిన కంపెనీ నుంచి, ఇన్నేళ్లు చేశాడు, ఫలానా రోజు వయసు మీద దిగాడు అని కాగితం రాయించుకుని, ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ఇచ్చి, డబ్బు కట్టాలి. ఆ కాగితాన్ని ఫ్యాక్టరీలో ఉన్నప్పుడే, మేనేజరు ఇంకా పేరు పెట్టి పిలిచే రోజుల్లోనే తీసుకోవాలి. రెండేళ్ల తర్వాత గేటు దగ్గర వాచ్‌మన్ కూడా గుర్తుపట్టడు.

ఉద్యోగాల్లేని మిగతా జనం, అంటే మన ఊళ్లలో అత్యధికులు, నమ్ముకున్నది ఆరోగ్యశ్రీని. ఇది మన జిల్లా మనిషి పెట్టిన పథకం. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ముందు అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టి, తర్వాత రాష్ట్రమంతా పరిచారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా దాని పేరు మారింది. ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్లీ డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. జనం నోట్లో మాత్రం ఆరోగ్యశ్రీయే. పేరు మారినందుకు పాత కార్డు చెల్లదేమోనని దిగులుపడి ఆసుపత్రికి పోకుండా కూర్చున్నవాళ్లు కూడా ఉన్నారు. చెల్లుతుంది. అక్కడ చూసేది కార్డు మీద అచ్చైన బొమ్మను కాదు, కంప్యూటర్లో ఉన్న మీ కుటుంబం వివరాలను.

కుటుంబం వివరాలు అన్నాను గదా, మన పెద్దవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు. ఎవరు ఏ ఇంటి కింద ఉన్నారో కంప్యూటర్ లెక్క. కొడుకు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఉంటాడు. అమ్మానాన్న పోరుమామిళ్ల దగ్గర పల్లెలో ఉంటారు. ఏదో పనికి ఎప్పుడో ముగ్గురినీ ఒకే ఇంటి కింద కలిపేసి ఉంటారు. కొడుకు జీతం ఇంటి ఆదాయమైపోతుంది, ఆరోగ్యశ్రీకి పెట్టిన ఏడాదికి 5 లక్షల హద్దు దాటిపోతుంది. ముసలివాళ్ల పేరు మీద ఉన్నది వానకు పండితే పండే రెండెకరాలే అయినా, లెక్కలో వాళ్లు ఉన్నోళ్లు. బియ్యం కార్డు ఆగినప్పుడు ఇంట్లో తెలుస్తుంది, ఎందుకంటే బియ్యం ప్రతినెలా కావాలి. ఆరోగ్య కార్డు ఆగిన సంగతి ఆపరేషన్ టేబుల్ దాకా పోతే గాని తెలియదు. మ్యాపింగ్ విడదీయించుకోవడం తేలిక కాదు, తిరగాలి, అర్జీ పెట్టాలి, మళ్లీ తిరగాలి. ఆ తిరుగుడేదో కాళ్లు బాగున్నప్పుడే తిరగడం మంచిది.

చుట్టూ ఉన్న ఊళ్లలో ఇంకొక రకం కుటుంబాలు ఉన్నాయి, కువైటు కుటుంబాలు. మన జిల్లాలో అక్కడికి మనిషిని పంపని వీధి ఉండదు. డ్రైవరుగానో, వంటమనిషిగానో ఇరవై, ముప్పై ఏళ్లు చేస్తారు. 2021 జనవరి నుంచి కువైటు ప్రభుత్వం డిగ్రీ లేని, అరవై దాటిన విదేశీ పనివాళ్ల వర్క్ పర్మిట్లు రెన్యూవల్ చేసేది లేదంది. తర్వాత కొంత మెత్తబడి, ఫీజు, ప్రైవేటు ఇన్సూరెన్సు కలిపి వందల దినార్లు కడితే సరేనంది. అంత కట్టి అక్కడుండి సంపాదించేదేముంది? తిరిగొచ్చేశారు. వచ్చినాయనకు ఇక్కడ ఈహెచ్ఎస్ లేదు, ఈఎస్ఐ లేదు, దేశంలో లేడని బియ్యం కార్డులోంచి పేరు తీసేసి ఉంటారు. ఎడారి ఎండలో పనిచేసి తెచ్చుకున్న షుగరు, బీపీ మటుకు ఒంట్లోనే ఉంటాయి. ఇట్లాంటివాళ్లు వచ్చిన నెలలోనే సచివాలయంలో ఇంటి మ్యాపింగ్‌లోకి పేరు ఎక్కించుకోవాలి. పెళ్లిళ్లు, ఇల్లు కట్టడం, ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు.

డెబ్బై నిండినవాళ్లకు 2024లో కొత్త వెసులుబాటు వచ్చింది. ఆయుష్మాన్ భారత్ అనే కేంద్ర పథకం 2018 సెప్టెంబరులో మొదలైంది, పేద కుటుంబాలకు. 2024 అక్టోబరు 29న దాన్ని, ఆదాయంతో పని లేకుండా, డెబ్బై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ విస్తరించారు. వయ వందన కార్డు అంటారు. ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఆసుపత్రి వైద్యం. భూమి ఎంతుంది, కారుందా, కొడుకు అమెరికాలో ఉన్నాడా అని అడగరు. ఇంటికి ఆయుష్మాన్ కార్డు ఇదివరకే ఉన్నా, డెబ్బై దాటిన పెద్దవాళ్లకు ఈ 5 లక్షలు విడిగా ఉంటాయి, చిన్నవాళ్లతో పంచుకునే పని లేదు. భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటి ఉంటే మాత్రం ఆ 5 లక్షలూ ఇద్దరికీ కలిపి. ప్రైవేటు పాలసీ ఉన్నా, ఈఎస్ఐ ఉన్నా తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల సీజీహెచ్ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ ఉన్నవాళ్లు మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకునే ముందు పిల్లలతో కూర్చుని ఆలోచించండి, తొందరపడి నొక్కేయొద్దు.

నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చిన విషయం ఒకటుంది. ప్రైవేటు ఇన్సూరెన్సు కంపెనీకి పోయి షుగరుంది, స్టెంటు వేశారు అంటే, పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమంటారు. ఇక్కడ ఆగేది లేదు. కార్డు వచ్చిన మొదటి రోజు నుంచే పాత జబ్బుకు కూడా వర్తిస్తుంది. డెబ్బై ఏళ్ల మనిషికి పాత జబ్బు కానిదేముంటుంది చెప్పండి!

ఈ కార్డుకు దరఖాస్తు పెద్ద పనేం కాదు. ఆధార్ చాలు. ఆయుష్మాన్ యాప్‌లో మనవడు ఫోన్‌లోనే చేయొచ్చు, లేదంటే పథకంలో ఉన్న ఆసుపత్రిలో చేయించుకోవచ్చు, సచివాలయంలో ఏఎన్ఎంను అడగొచ్చు. అసలు గొడవ ఆ ఒక్క ఆధార్ దగ్గరే. వయసుకు వేరే రుజువు తీసుకోరు, ఆధార్‌లో ఉన్నదే వయసు. మన పల్లెల్లో డెబ్బై ఏళ్ల కింద పుట్టినవాళ్లకు పుట్టిన తేదీ ఎవరు రాసిపెట్టారు? ఆధార్ తీసుకున్న రోజున అక్కడ కూర్చున్న పిల్లోడు "ఎన్నేండ్లు తాతా?" అని అడిగితే, "ఏమోప్పా, పెద్ద కరువుకు మునుపే పుట్నా" అని చెబితే, వాడు మొఖం చూసి ఒక ఏడాది వేసి, జనవరి 1 అని కొట్టేశాడు. అందుకే మన దగ్గర ఏ సచివాలయం జాబితా చూసినా జనవరి 1న పుట్టినవాళ్లు కుప్పలుకుప్పలు. నిజానికి డెబ్బై మూడేళ్లున్న తాతకు ఆధార్‌లో అరవై ఆరే ఉంటే, కార్డు కోసం ఇంకో నాలుగేళ్లు బతకాలి. పుట్టిన తేదీ సవరణకు ఆధార్‌లో మామూలుగా ఒక్కసారే అవకాశం ఇస్తారు, దానికీ కాగితం కావాలి. పాత బడి రికార్డు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. బడి మొహమే చూడని మన అవ్వలకు ఆ దారి కూడా లేదు. ఇది ప్రభుత్వం ఆలోచించాల్సిన విషయమని నా ఉద్దేశం. మనిషి ఒంటి మీద కనబడే వయసును ఒక డాక్టరు ధ్రువీకరిస్తే చాలని ఎందుకు అనుకోకూడదు?

వేలిముద్రల సంగతి మీకు తెలియంది కాదు. జీవితమంతా పార పట్టిన చేతికి, రాళ్లు మోసిన చేతికి గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషన్ మీద పెడితే పడదు. "ఇంకోసారి పెట్టవ్వా, గట్టిగా నొక్కవ్వా" అని ఎన్నిసార్లు చెప్పినా పడదు. అట్లాంటప్పుడు కనుపాపతో చేయొచ్చు, ముఖం చూపించి చేయొచ్చు, ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి ఉంటే ఓటీపీతో చేయొచ్చు. వేలు పడలేదని వెనక్కి పంపితే, "కన్నుతో తీయప్పా" అని అడగండి.

కాస్త దూరదేశం కబురు ఒకటి చెబుతాను. అమెరికాలో అరవై ఐదు దాటినవాళ్లకు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంది. 1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దానిమీద సంతకం పెట్టాడు. మొదటి కార్డు మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు ఇచ్చాడు. అప్పటికి ట్రూమన్‌కు ఎనభై ఒకటి. ఆ ఫోటో పేపర్లలో వచ్చింది, అందరికీ గుర్తుండేది అదే. నాకు మాత్రం ఆ తర్వాత ఏడాది జరిగిన పని గొప్పగా అనిపిస్తుంది. డాక్టరు ఫీజుల బీమాకు ఎవరికివాళ్లు పేరు నమోదు చేసుకోవాలి, 1966 మార్చి 31 గడువు పెట్టారు. ముసలివాళ్లు వాళ్లంతట వాళ్లు వస్తారని ఆఫీసుల్లో కూర్చోలేదు. ఊళ్లలో ఉన్న పెద్దవయసు వాళ్లకే కూలి ఇచ్చి, తోటి పెద్దవాళ్ల ఇళ్లకు పంపారు. అడవుల్లో ఒంటరిగా గుడిసెల్లో ఉండేవాళ్ల కోసం అటవీ సిబ్బంది పోయి వెతికారు. అట్లా తిరిగి కూడా గడువు చాలకపోతే మే దాకా పెంచారు. మన లంకమల అడవి అంచున ఉన్న పల్లెల్లో అట్లా ఎవరైనా గార్డు వచ్చి, "తాతా, నీ కార్డు సంగతేంది?" అని అడిగితే ఎట్లుంటుందో ఊహించుకోండి.

అడవి దాకా కూడా అవసరం లేదు. ఒకటో తేదీన పెన్షన్ ఇచ్చేందుకు సచివాలయం మనిషి ఎట్లాగూ గడప తొక్కుతున్నాడు. ఆధార్ చూస్తున్నాడు, వేలో ముఖమో తీసుకుంటున్నాడు. అదే కూర్చోవడంలో ఈ మనిషికి ఆరోగ్య కార్డుందా, డెబ్బై నిండాయా అని ఒక్క ప్రశ్న అడిగి, లేకపోతే అక్కడే నమోదు చేయించే పద్ధతి పెడితే, ఒక్క ఏడాదిలో బద్వేలు డివిజన్‌లో కార్డు లేని ముసలి మనిషి ఉండడు.

అరవైకీ డెబ్బైకీ నడుమ చిక్కుకున్నవాళ్లు కొందరుంటారు. చిన్న దుకాణం నడుపుకున్నవాళ్లు, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి దిగినవాళ్లు, ఆదాయం లెక్కలో 5 లక్షలు దాటి కనిపించేవాళ్లు. వాళ్లకు 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఒక విధానానికి ఆమోదం చెప్పింది: అన్ని కుటుంబాలకూ రెండున్నర లక్షల దాకా బీమా, పేద కుటుంబాలకు ఆ పైన 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు భరిస్తుంది. అది మీ ఇంటికి ఎప్పుడు, ఎట్లా వర్తిస్తుందో సచివాలయంలో అడుగుతూ ఉండండి. అందాకా ప్రైవేటు పాలసీ కొనాలనుకుంటే, 2024 ఏప్రిల్ నుంచి అరవై ఐదు దాటినవాళ్లకు పాలసీ ఇవ్వాల్సిన పని లేదన్న పాత నిబంధన తీసేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ప్రీమియం మాత్రం ఇప్పటికీ బరువే.

కార్డు ఏం చేయదో కూడా చెప్పకపోతే నేను పథకాల ప్రచారకుణ్ని అయిపోతాను. ఇవి ఆసుపత్రిలో చేరితే పనికొచ్చే కార్డులు. రోజూ వేసుకునే బీపీ మాత్రకు, షుగరు మాత్రకు, డాక్టరు ఫీజుకు ఇవి పనికిరావు. ఈఎస్ఐ, ఈహెచ్ఎస్ వేరు, వాటి పద్ధతులు వేరు. మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, అక్కడ తీసుకోవడం నామోషీ అనుకోకండి. రెండోది, బద్వేలు నుంచి కడప రిమ్స్‌కు యాభై కిలోమీటర్ల పైచిలుకు, తిరుపతి స్విమ్స్ ఇంకా దూరం. కార్డు ఆ దూరాన్ని తగ్గించదు. మూడోది, బిల్లుల బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపిన సందర్భాలు 2024లోనూ 2025లోనూ చూశాం. అట్లాంటి రోజుల్లో ప్రభుత్వాసుపత్రే దిక్కు. మామూలు రోజుల్లో కూడా, కార్డు చూపించినాక "పరీక్షలకు మీరే కట్టుకోండి" అని అడిగేవాళ్లు తగులుతారు. అప్పుడు డబ్బు తీయకముందు, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు ఎక్కడుందో వెతుక్కుని పోండి. ఆ మనిషి అక్కడ కూర్చునేది మీకోసమే. అప్రూవల్ వచ్చిందా, ఏ చికిత్సకు వచ్చింది అని అతన్నే అడగండి. డబ్బు కట్టక తప్పని పరిస్థితి వస్తే రసీదు లేకుండా మాత్రం కట్టకండి.

ఇక ఇంట్లో ఆడవాళ్ల విషయం. పింఛను తాత పేరు మీద, కార్డులో మొదటి పేరు తాతది, ఫోన్ నంబరు పెద్దకొడుకుది. అవ్వ ఎక్కడో నాలుగో వరుసలో, ఇంటి పేరు ఒకచోట పుట్టింటిది, ఇంకోచోట మెట్టినింటిది. తాత ఉన్నన్నాళ్లు ఎట్లాగో నడుస్తుంది. తాత పోయినాక కుటుంబ పింఛను అవ్వకు రావాలి, హెల్త్ కార్డు ఆమె పేరు మీదికి మారాలి. అప్పుడు ఆధార్‌లో ఒక పేరు, పింఛను పత్రంలో ఇంకొక పేరు బయటపడతాయి. ఆ రెండు కాగితాలూ ఇద్దరూ బతికుండగానే పక్కపక్కన పెట్టి చదవండి, అక్షరం తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి. వయ వందన కార్డు ఎవరికివాళ్లకు విడిగా తీస్తారు కాబట్టి, తాతతో పాటు అవ్వను కూడా తీసుకుపోండి. ఆమె "నాకెందుకులే నాయనా, నాకేం రోగం" అంటుంది. అన్నా తీసుకుపోండి.

రాష్ట్ర వైద్య సేవ గురించి అడగడానికి 104కు, వయ వందన కార్డు గురించి 14555కు ఫోన్ చేయొచ్చు. చేసేటప్పుడు ఆధార్ కార్డు చేతిలో, ఆధార్‌కు కలిపిన ఫోన్ పక్కన పెట్టుకోండి. ఆ ఫోన్ బెంగుళూరులో కొడుకు దగ్గరుంటే, ఓటీపీ అక్కడికే పోతుంది గనక ఆదివారం పూట, అతను తీరికగా ఉన్నప్పుడు పని పెట్టుకోండి.